పొగ లేకపోతే ఆ చిత్రాలు ఉండేవా? కళను తయారుచేసేది కాలమా, కళాకారుడా?

నూనెరంగులు:
2023లో ఇద్దరు వాతావరణ శాస్త్రవేత్తలు ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్, ఫ్రాన్స్ చిత్రకారుడు మోనే గీసిన దాదాపు వంద చిత్రాలను కంప్యూటర్ మీద కొలిచి చూశారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ చిత్రాల్లో అంచులు మసకబారుతూ, తెలుపు పెరుగుతూ వచ్చింది. అప్పట్లో లండన్, పారిస్ గాలిలో బొగ్గు పొగ పెరిగిన తీరుకు అది సరిపోయిందని వాళ్ళు తేల్చారు. అది చదివినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. మనం శైలి అని మురిసిపోయింది, ఆ రోజుల్లో కిటికీ తెరిస్తే ఎవరికైనా కనిపించిన గాలేనా?

నా మటుకు నాకు కాలమే కళను తయారుచేస్తుందనిపిస్తుంది. రంగు ట్యూబునే తీసుకోండి. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబుకు పేటెంటు తీసుకునేదాకా, నూరిన రంగును పంది మూత్రాశయంతో చేసిన చిన్న సంచుల్లో దాచేవాళ్ళు. మేకుతో పొడిచి పిండుకోవడం, మళ్ళీ ఆ మేకుతోనే మూయడం. నేను ఒకసారి రంగు సొంతంగా నూరి చూశాను. గాజు పలక మీద నీలం పొడి పోసి, అవిసె నూనె చుక్కలుగా కలుపుతూ, గాజు పొత్రంతో గుండ్రంగా తిప్పుతూ గంటసేపు నూరితే చిన్న గిన్నెడు వచ్చింది. భుజం లాగేసింది. కొన్ని రోజులకు దాని పైన పాల మీద కట్టినట్టు తొరక కట్టింది. ఈ తంటా అంతా మోసుకుని ఏటి ఒడ్డుకు వెళ్ళి, ఎండ మారేలోపు బొమ్మ వేయడం ఎంత కష్టం! ట్యూబు వచ్చాక పెట్టె చేతపట్టుకుని రైలెక్కితే చాలు. మోనే 1877లో పారిస్‌లోని సెయింట్ లజార్ స్టేషన్‌ను పన్నెండుసార్లు గీశాడు. ఆయన ఉండే అర్జాంతోయ్ ఊరి రైలు బయల్దేరేది అక్కడి నుంచే. ట్యూబు, రైలు, పొగ: మూడూ ఆ కాలం ఇచ్చినవే.

ఏటిగట్టు:
నూనెరంగులు గారూ, మీ భుజం నొప్పి మీద నాకు గౌరవం ఉంది, కానీ వాదనతో ఒప్పుకోలేను. ట్యూబులు అందరికీ దొరికాయి. వెలుగును అప్పటికప్పుడు వదులు కుంచెతో పట్టే మోనే లాంటి ఇంప్రెషనిస్టులను వెక్కిరించిన చిత్రకారులూ అవే ట్యూబులు కొనుక్కుని నున్నగా పాత పద్ధతిలోనే గీశారు. లండన్ పొగలో లక్షల మంది దగ్గుతూ బతికారు. ఆ పొగలో రంగులు చూసింది ఎందరు?

మోనే దానికోసం వెతుక్కుంటూ వచ్చినవాడు. 1899 నుంచి 1901 దాకా మూడుసార్లు లండన్ వచ్చి, నది పక్కన సవాయ్ హోటల్ గది కిటికీలోంచి వంతెనలు గీశాడు. 1900 మార్చిలో భార్యకు రాసిన ఉత్తరంలో, పొద్దున్నే లేచి చూస్తే పొగమంచు లేక బెంబేలెత్తిపోయానని, కాసేపటికి పొయ్యిలు వెలిగి పొగ తిరిగి వచ్చిందని రాశాడు. ఊరంతా పొగ పోతే బాగుండు అనుకుంటుంటే, పొగ లేదని కంగారు పడ్డ మనిషి! ఇంకో సంగతి. ఆ చిత్రాలు లండన్‌లో పూర్తి కాలేదు. వాటిని పల్లెటూళ్ళో ఉన్న తన ఇంటికి తీసుకెళ్ళి ఏళ్ళ తరబడి సరిదిద్దుకుని 1904లో ప్రదర్శించాడు. అక్కడ లండన్ పొగ లేదు. ఆ మసకను జ్ఞాపకంలోంచి, ఇష్టంలోంచి తీసి వేశాడు. దాన్ని కాలం ఖాతాలో ఎలా వేస్తారు?

కంటిపాప:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. 'మోనేకు కంట్లో శుక్లాలు, అందుకే మసక' అని చాలాచోట్ల రాస్తుంటారు, ఇక్కడా ఆ మాట రాకముందే చెబుతున్నాను. ఆయనకు శుక్లాలని డాక్టర్లు చెప్పింది 1912లో, ఆపరేషన్ 1923లో. లండన్ చిత్రాలు అంతకు చాలా ముందువి. పైగా శుక్లం ఉంటే దూరానివే కాదు, దగ్గరివీ మసకగానే కనిపిస్తాయి.

ఆ అధ్యయనం మీద కూడా నాకు ఒక అనుమానం ఉంది. వయసు పెరిగేకొద్దీ చాలామంది చిత్రకారుల కుంచె వదులవుతుంది. పొగ కూడా అవే ఏళ్ళలో పెరిగింది. గ్రాఫులో రెండు గీతలు కలిసి పైకి వెళ్ళినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం అయిపోదు.

మసిగోడ:
చిత్రాల గురించి అందరూ చెబుతున్నారు, ఆ గాలి పీల్చిన ప్రాణుల గురించి నేను చెబుతాను. ఇంగ్లండ్‌లో పెప్పర్డ్ మాత్ అనే రాత్రిపూట ఎగిరే రెక్కల పురుగు ఉంది. తెల్లటి ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు. చెట్టు బెరడు మీద వాలితే పక్షులకు కనపడదు. మసి పడి బెరడులు నల్లబడ్డాక తెల్లవి దొరికిపోయి పక్షుల పాలయ్యాయి, నల్లవి బతికాయి. 1848లో మాంచెస్టర్‌లో నల్ల పురుగు దొరికినట్టు నమోదైంది. ఆ శతాబ్దం చివరికి అక్కడ దాదాపు అన్నీ నల్లవే. గాలి శుభ్రపడ్డాక తెల్లవి తిరిగొచ్చాయి.

కాలం ఒక ప్రాణిని మార్చడమంటే అది. పురుగుకు ఎంచుకునే వీలు లేదు. మోనేకు ఉంది, వెళ్ళిపోవడానికి ఇల్లూ ఉంది. పొగ కింద బతికే కూలీలకు అది కూడా లేదు. 1952 డిసెంబరులో లండన్‌ను ఐదు రోజులు పొగ కప్పేస్తే, అప్పటి లెక్కలో దాదాపు 4,000 మంది పోయారు. తర్వాతి అంచనాలు 12,000 దాకా ఉన్నాయి. స్వచ్ఛమైన గాలి కోసం చట్టం వచ్చింది 1956లో. ఆ చిత్రాలు నాకూ ఇష్టమే. కానీ వాటి ముందు నిలబడితే నాకు ఆ దగ్గు వినిపిస్తుంది.

కొండదారి:
కాలం కళను మార్చడమేనా, కళ నేలను మార్చదా? 1871లో అమెరికాలోని ఎల్లోస్టోన్ అడవులకు వెళ్ళిన సర్వే బృందంతో థామస్ మోరాన్ అనే చిత్రకారుడు, విలియం జాక్సన్ అనే ఫోటోగ్రాఫర్ వెళ్ళారు. వాళ్ళు తెచ్చిన బొమ్మలు వాషింగ్టన్‌లో పెద్దలకు చూపించారు. మరుసటి ఏడాదే అది జాతీయ పార్కు అయింది. అక్కడే తరతరాలుగా తిరిగిన షోషోనీ లాంటి తెగలకు మాత్రం చివరికి ఆ పార్కులో చోటు లేకుండా పోయింది. బొమ్మ ఒక అడవిని కాపాడగలదు, అందులోని మనుషులను మరిపించనూ గలదు.

వరండా:
ఇప్పటిదాకా 'కాలం', 'కళాకారుడు' అని మాట్లాడుతున్నారు. కాలం అందరికీ ఒకటే అన్నట్టు! బెర్త్ మొరిసో అనే చిత్రకారిణి 1874లో ఇంప్రెషనిస్టుల తొలి ప్రదర్శనలో మోనేతో పాటు చిత్రాలు పెట్టింది. ఆమెకూ అవే ట్యూబులు, అదే పారిస్, అవే రైళ్ళు. కానీ పెద్దింటి ఆడపిల్ల స్టేషన్‌లో ఒంటరిగా స్టాండు వేసుకుని కూర్చుంటే ఏమనేవాళ్ళు? అందుకే ఆమె చిత్రాల్లో ఎక్కువగా వరండాలు, తోటలు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు కనిపిస్తారు. రోజా బోనర్ అనే ఇంకో చిత్రకారిణికి గుర్రాలను, పశువులను దగ్గర్నుంచి గీయడానికి ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి పత్రం కావాల్సి వచ్చింది. పారిస్ ప్రభుత్వ చిత్రకళా విద్యాలయంలోకి ఆడవాళ్ళను రానిచ్చింది 1897లో. మొరిసో 1895లోనే పోయింది.

ఆమె అక్క ఎడ్మా కూడా చిత్రకారిణే. ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు. 1869లో పెళ్ళయ్యాక ఎడ్మా చిత్రకారిణిగా ముందుకు సాగలేదు. ఒకే ఇల్లు, ఒకే గురువు, ఒకే కాలం. ఒకరి చిత్రాలు మ్యూజియాల్లో ఉన్నాయి, ఇంకొకరివి పెళ్ళితో దాదాపు ఆగిపోయాయి. ఏటిగట్టు గారూ, మోనే పొగను వెతుక్కుంటూ వచ్చాడన్నారే, ఎడ్మా దేన్ని ఎంచుకుందంటారు?

ఏటిగట్టు:
దీనికి నా దగ్గర జవాబు లేదండీ. నేను గీసినవాళ్ళను మాత్రమే లెక్కలోకి తీసుకున్నాను.

నూనెరంగులు:
నేనూ అంతే. కాలం ఏం ఇచ్చిందో చెప్పాను, ఎవరికి ఇవ్వలేదో అడగలేదు. మోనే విషయంలో ఏటిగట్టు గారు చెప్పిన ఉత్తరం, ఇంట్లో సరిదిద్దుకున్న ఏళ్ళు నా వాదనను సగం కూల్చేశాయి, ఒప్పుకుంటున్నాను. మిగతా సగాన్ని మాత్రం వదలను, వరండా గారి మాటలతో అదింకా గట్టిపడింది.

ఇందాక మొరిసో గీసిన 'ఊయల' చిత్రం తీసి చూశాను. 1872 నాటిది, తొలి ప్రదర్శనలో పెట్టినదే. అందులో తల్లి ఎడ్మాయే. ఒక చెయ్యి చెంపకు ఆనించుకుంది, ఇంకో చెయ్యి ఊయల మీది పల్చటి తెర అంచు పట్టుకుంది. ఎన్నోసార్లు చూసిన బొమ్మే. ఆ వేళ్ళు ఒకప్పుడు కుంచె పట్టినవని నాకు ఇవాళే తెలిసింది.