మధ్యాహ్నపు గాలికి పడవ నిలవడం లేదు: లంగరు, గాలం విషయంలో సలహా కావాలి

ప్రశ్న (కర్నూలు నుంచి)

అందరికీ నమస్కారం. మేం నలుగురం స్నేహితులం. ముచ్చుమర్రి వైపు శ్రీశైలం వెనుక జలాల్లో గాలాలు వేయడానికి చిన్న ఫైబర్ పడవలో వెళ్తుంటాం. తెడ్లు ఉన్నాయి, వెనక చిన్న మోటారు ఉంది. శివరాత్రి దాకా ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు పొద్దున పది దాటితే చాలు, గాలి లేస్తోంది. తాడు కట్టి వేసిన రాయి అడుగున ఈడ్చుకుపోతోంది, పడవ ఒక చోట నిలవడం లేదు. బెండు అలలకు ఊగుతుంటే లాగింది చేపో గాలో తెలియడం లేదు. ఉగాది సెలవుకు మళ్లీ వెళ్లాలని ఉంది. ఎంత బరువు రాయి వేయాలి? గాలం ఎలా వేయాలి?

జవాబు (నందికొట్కూరు నుంచి)

రాయి బరువు పెంచినంత మాత్రాన మీ కష్టం తీరదు. ముందు ఏ ఒడ్డు నుంచి బయలుదేరుతున్నారో చూసుకోండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన వైపు నేల పది గంటలకే కాలిపోతుంది. నేలను అంటుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తే, పైన వేగంగా వీచే గాలి కిందికి దిగుతుంది. తెల్లవారుజామున కదలకుండా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి ఎగసిపడేది అందుకే. పొద్దు వాలితే గానీ అది తగ్గదు. కాబట్టి చీకటితోనే వెళ్లి, పదింటికల్లా ఒడ్డెక్కడం మేలు.

గాలి ఎటు నుంచి వీస్తుందో వాతావరణ శాఖ సూచనలో ముందు రోజే చూసుకోవచ్చు. మధ్యాహ్నపు గాలి మిమ్మల్ని తిరిగి బండి నిలిపిన ఒడ్డుకే తోసేలా చోటు ఎంచుకోండి. పొద్దున గాలి లేని వేళ అవతలి దాకా సులువుగా వెళ్లిపోయి, ఎండెక్కాక ఎదురుగాలిలో తిరిగి రావడమే ప్రాణం మీదికి తెస్తుంది. గాలి వేగం రెండింతలైతే పడవ మీద దాని తోపు నాలుగింతలవుతుంది. అలల తలల మీద అక్కడక్కడ తెల్లటి నురగ కనిపిస్తే వేగం గంటకు 15 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉన్నట్టు. ఎటు చూసినా నురగే అయితే 20 దాటినట్టు. మొదటి నురగ కనిపించగానే గాలాలు చుట్టేయండి, చేపలు బాగా పడుతున్నా సరే.

ఇక లంగరు. రాయి మానేసి నాలుగు కొక్కేల ఇనుప లంగరు కొనండి. దానికీ తాడుకూ మధ్య ఒకటి రెండు మీటర్ల గొలుసు వేయండి. తాడు పొడవు నీటి లోతుకు ఐదు నుంచి ఏడు రెట్లు ఉండాలి. మూడు మీటర్ల లోతుకు నాలుగు మీటర్ల తాడు వదిలితే, ప్రతి అలకూ పడవ లేచి లంగరును పైకి పీకేస్తుంది. తాడు పొడవుగా ఉంటే లాగుడు నేల వెంబడి సాగి కొక్కేలు మట్టిలో దిగుతాయి. తాడును పడవ ముందు కొసకు, అంటే అనియానికే కట్టాలి. అమరానికి, అంటే వెనక కొసకు కడితే మోటారు బరువుతో అసలే కిందికి ఉన్న వెనక భాగం మీదుగా నీళ్లు లోపలికి వస్తాయి.

మరొక సంగతి. సంగమేశ్వరాలయం నీటిలోంచి బయటపడే కాలం ఇది. నీళ్లు తీసే కొద్దీ, నిన్నటిదాకా లోతున ఉన్న మోడులూ పాత గోడలూ పడవ అడుగుకు దగ్గరవుతాయి. లంగరు వాటిలో ఇరుక్కుంటుంది. లంగరు తలకు, అంటే కొక్కేలు కలిసే చోట, సన్నటి రెండో తాడు కట్టి దాని కొసకు ఖాళీ డబ్బా తగిలించండి. ఇరుక్కుంటే ఆ తాడు పట్టి వెనక్కి లాగితే ఊడి వస్తుంది. అప్పటికీ రాకపోతే కత్తితో తాడు తెంపేయడమే, లంగరు పోతే పోనివ్వండి.

గాలం మాట: గాలి ఉన్నప్పుడు బెండు పక్కన పెట్టండి. బొచ్చె నీటి పైపొరలో మేస్తుంది, శీలావతి నడుమ, ఎర్రమోసు అడుగున. అలల వేళ అడుగు వేటే నయం. కాస్త బరువైన సీసం గుండు, సన్నటి దారం వాడండి. ఎర వేశాక కర్ర కొసను నీళ్లలో ముంచి రెండు చుట్లు చుడితే దారం మునిగిపోతుంది, గాలికి విల్లులా వంగదు. ఆ తర్వాత కర్రను నీటికి దగ్గరగా వాల్చి, దారాన్ని చూపుడు వేలి మీద ఆనించుకుని కూర్చోండి. అల లాగితే దారం మెల్లగా బిగిసి మెల్లగా వదులవుతుంది. చేప అయితే వేలికి టక్కున తగులుతుంది. కాసేపట్లో తేడా మీకే తెలుస్తుంది.

మరో జవాబు (సుంకేసుల దగ్గర నుంచి)

అన్న చెప్పినవన్నీ సరైనవే. తుంగభద్రలో మేం ఎక్కువగా పుట్టి, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవ, వాడతాం కాబట్టి ఒక మాట. గాలి లేస్తే పుట్టిని నడి నీళ్లలోకి తీసుకెళ్లకండి. దాని అడుగు గుండ్రం, నీటిని పట్టుకునే అంచు ఉండదు, గాలి ఎటు తోస్తే అటు తిరుగుతూ పోతుంది. గాలి తేలియాడే మేతను ఎదుటి ఒడ్డుకు తోస్తుంది, చేపలు కూడా అక్కడికే చేరతాయి. అయినా పడవను ఆ ఒడ్డు వెంట నిలపవద్దు, లంగరు జారితే నేరుగా రాళ్ల మీదికే. అక్కడ గాలం వేయాలంటే నేల మీద నిలబడి వేయండి. అన్నట్టు, అక్కడ వలలు వేసుకుని బతికే మత్స్యకారులను ముందుగా అడిగి వెళ్లండి. చేపల మీద హక్కు వాళ్లది, ఏ మోడు ఎక్కడుందో తెలిసిందీ వాళ్లకే.

అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పదో తరగతి పరీక్షలు అయ్యాక మా అబ్బాయి కూడా వస్తానంటున్నాడు. ఈత బాగా వచ్చు. అయినా జాకెట్టు కావాలా? తాడు ఏ రకం కొనాలి?

జవాబు (నందికొట్కూరు నుంచి)

కావాలి, అందరికీ కావాలి, బకిల్సు పెట్టుకుని మరీ. అబ్బాయికి తొడిగి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది పెద్దదైనట్టు, మార్చండి. పడవ తిరగబడితే ఎంత ఈతగాడైనా ఒడ్డుకు ఈదడానికి పోకుండా పడవనే పట్టుకుని ఉండాలి. అలల్లో వచ్చేటప్పుడు పడవను వాటికి అడ్డంగా పెట్టకండి. కొంచెం ఏటవాలుగా, నెమ్మదిగా కోయండి. అందరూ నడుమ కింద కూర్చోవాలి, చేపను అందుకోవడానికి కూడా ఎవరూ లేచి నిలబడకూడదు.

ఏప్రిల్‌లో ఉరుముల భయం కూడా ఉంటుంది. ఫోనులో పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ పెట్టుకోండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే పిడుగు మీ దరిదాపుల్లోనే పడుతున్నట్టు. అలాంటప్పుడు కార్బన్ గాలపు కర్ర చేతిలో ఉండకూడదు, కింద పెట్టి వెంటనే ఒడ్డుకు రండి.

తాడు నైలానుదే తీసుకోండి, మీ పడవకు పది మిల్లీమీటర్ల మందం చాలు. నైలాను కాస్త సాగుతుంది కాబట్టి అల కుదుపు లంగరు మీద పడదు. పసుపు రంగు ప్లాస్టిక్ తాడు చవకే గానీ నీటి మీద తేలుతుంది, తేలిన తాడు మోటారు రెక్కలకు చుట్టుకుంటుంది.