మిర్చి తొడిమలు తీసే మెషిన్‌కు పేటెంట్: హైదరాబాద్ నుంచి ఎక్కడ వేయాలి?

బాలానగర్ ఫిట్టర్: నమూనా రెడీ అండి. ముందు యూట్యూబ్‌లో వీడియో పెట్టొచ్చా? ఖర్చెంత?

క్లెయిమ్స్ రాసేవాడు: వీడియో ఇప్పుడే వద్దండి, దయచేసి. అప్లికేషన్‌కు ముందే బయటపెడితే కొత్తదనం పోయినట్టే. తెలంగాణకు చెన్నై పేటెంట్ ఆఫీసే. ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో వేయొచ్చు, డిజిటల్ సిగ్నేచర్ కావాలి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు ఫీజు 1,600, పెద్ద కంపెనీలకు 8,000. ఇందులో 30 పేజీలు, 10 క్లెయిమ్‌లు (మీ హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాలు) వస్తాయి. మెషిన్ ఇంకా మారేలా ఉంటే ఫారం 1, ఫారం 2తో ప్రొవిజనల్ (తాత్కాలిక) అప్లికేషన్ వేయండి. పూర్తి స్పెసిఫికేషన్‌కు, అంటే మెషిన్ పూర్తి వివరణకు, 12 నెలల గడువు. దాటితే అప్లికేషన్ వదిలేసినట్టే లెక్క.

తార్నాక: చాలామంది దెబ్బతినేది ప్రొవిజనల్‌లోనే. రోలర్ రబ్బరుదని మాత్రమే రాసి, తర్వాత బ్రష్ రోలర్ పెడితే దానికి ప్రొవిజనల్ వేసిన తేదీ రాదు. రోలర్ల మధ్య సందు ఎన్ని మిల్లీమీటర్లు, తొడిమ ఎక్కడ చిక్కుతుంది, కాయ ఎందుకు చిట్లదు, అన్నీ బొమ్మతో సహా రాయండి.

బాలానగర్ ఫిట్టర్: అప్లికేషన్ వేస్తే పేటెంట్ ఆఫీసు పరీక్ష దానంతటదే మొదలవుతుందా?

క్లెయిమ్స్ రాసేవాడు: కాదండి. ఫారం 18 విడిగా వేయాలి, వ్యక్తులకు 4,000. మొదటి అప్లికేషన్ తేదీ నుంచి 31 నెలల్లోపు. మహిళ దరఖాస్తుదారైనా, స్టార్టప్ అయినా ఫారం 18ఎతో త్వరగా పరీక్ష అడగొచ్చు, 8,000. స్టార్టప్‌లకైతే ఫెసిలిటేటర్ (అప్లికేషన్ వేయడంలో సాయపడే నిపుణుడు) ఫీజు ప్రభుత్వమే ఇచ్చే పథకమూ ఉంది, అడిగి తీరండి.

తార్నాక: మెషిన్ పేరుకు పేటెంట్ పనిచేయదు. ట్రేడ్‌మార్క్ వేరే, యంత్రాలకు 7వ క్లాసు, వ్యక్తులకు ఆన్‌లైన్‌లో 4,500.