జివెర్నీ తోటలో వేసవి చివరి పూలు: నీటిరంగుల గురించి సలహా కావాలి

ప్రసిద్ధ చిత్రకారుడు క్లోద్ మోనే 1883 నుంచి 1926లో మరణించేవరకు నివసించిన ఫ్రాన్సు గ్రామం జివెర్నీకి ఆగస్టు నెలాఖరులో వెళ్లి, ఆయన పూలతోటను నీటిరంగులలో చిత్రించాలని ఎంతో ఇష్టంగా సిద్ధమవుతున్నాను. ఆ రోజులలో డేలియాలు, పొద్దుతిరుగుడు పూలు విరగబూస్తాయి. గుండ్రని ఆకులు, నారింజ పూలు ఉండే నస్టర్షియం తీగలు ఇంటి ముందరి బాటపైకి రెండువైపుల నుంచీ పాకి దాదాపు కప్పేస్తాయి, నా మనసంతా ఆ బాట మీదే ఉంది. సాధనలో ఆ గుండ్రని ఆకుల పచ్చదనం పక్కనే నారింజ రంగు వేస్తే, తడి ఆరకముందే రెండూ కలిసి మట్టిరంగుకు తిరుగుతున్నాయి. పూలున్న చోట కాగితాన్ని తెల్లగా వదిలి ముందు ఆకులు వేయడం మేలా, పసుపు పొర ఆరాక దానిపై నారింజ వేయడం మేలా? సందర్శన వేళల్లో అక్కడ కూర్చుని బొమ్మ వేసుకోనిస్తారా, ఏ పూట వెలుతురు బాగుంటుంది అన్నది కూడా వెళ్లివచ్చినవారు దయచేసి తెలియజేయగలరు.