సమస్య: "నవ్వు పుట్టినిల్లు నగకు గాదె"

నిర్వాహకులు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందరి మూడు పాదాలు రాసి దీన్ని పూరించాలి.

*నవ్వు పుట్టినిల్లు నగకు గాదె*

ఐదూ సూర్యగణాలే: నవ్వు, పుట్టి, నిల్లు, నగకు, గాదె. నాలుగో గణం మొదట ఉన్న "న"తో యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు) చెల్లింది. మీరు రాసే 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. రెండో పాదం మళ్ళీ ఐదు సూర్యగణాలు. నగ అనగానే కొండ వైపు వెళ్ళకండి. కొండ అర్థంలో అది "నగము", షష్ఠిలో "నగమునకు" అవుతుంది, "నగకు" కాదు. ఇక్కడున్నది ఆభరణమే. దానికి నవ్వు పుట్టినిల్లు ఎలా అయిందో చెప్పాలి. దారి తోచకపోతే "జువెల్" అనే ఇంగ్లీషు మాట చరిత్ర తిరగేయండి.

మాటలమూట:

*జోక సనెడు మాట జూయెలై మారెను
రోము పలుకు ఫ్రెంచి రూపు దాల్చి
ఆట హాస మనుచు నర్థమ్ము దెలియంగ
నవ్వు పుట్టినిల్లు నగకు గాదె*

లాటిన్‌లో జోకస్ అంటే ఆట, పరిహాసం. మధ్యయుగపు లాటిన్‌లో దాని నుంచి "జోకాలె" వచ్చింది. పాత ఫ్రెంచిలో అది "జొయెల్" అయింది. ఇంగ్లండును గెలిచిన నార్మన్ల ఫ్రెంచి దాన్ని ఇంగ్లీషుకు చేర్చింది. 1300 ప్రాంతం నాటికే ఇంగ్లీషు రాతల్లో ఉంది. పుట్టినిల్లు రోము, మెట్టినిల్లు లండను.

కొత్తకలం:
రెండో పాదంలో సందేహమండీ. "పలుకు ఫ్రెంచి" అన్నచోట వెనక సంయుక్తాక్షరం ఉంది కదా, "కు" గురువు కాదా?

నిర్వాహకులు:
కాదు. "పలుకు", "ఫ్రెంచి" వేర్వేరు పదాలు, సమాసం కాలేదు. తెలుగు మాటల మధ్య పదాది సంయుక్తం ముందరి లఘువును గురువు చేయదు. రెండూ కలిసి సంస్కృత సమాసమైతే అప్పుడు గురువయ్యేది.

మాటలమూట గారూ, పూరణ చక్కగా ఉంది. "జో–జూ" యతికి ఓ, ఊ మైత్రి సరిపోయింది. ఒక్క మాట. రోమనులు ఆ పదాన్ని "యొకుస్" అని హ్రస్వంతో పలికేవారు, జ ధ్వని తర్వాతి కాలంలో వచ్చింది. "జోకస్" ఇంగ్లీషు వాళ్ళు పలికే తీరు. అది తప్పని అనను. రోము పలుకు అన్నారు గనుక రోమనుల ఉచ్చారణే కావాలంటే ఇలా మార్చుకోవచ్చు:

*యొకుసు పదమె మారి యొప్పెను జువెలుగా*

మారి + ఒప్పెను: క్త్వార్థపు ఇకారానికి సంధి లేదు కాబట్టి యడాగమం వచ్చింది, యతీ కుదిరింది. చివరి గణం "జువెలుగా" నాలుగక్షరాలది, మూడు లఘువులూ ఒక గురువూ. దాని పేరు కూడా నగమే! ఈ సమస్యకు అంతకంటే తగిన గణం దొరకదు.

పాతనిఘంటువు:
జువెల్‌కు "గౌడియుం" మూలమన్నవారూ ఉన్నారు. ఆ లాటిన్ మాటకు సంతోషమని అర్థం. జోకస్ వైపు మొగ్గినవారే ఎక్కువ. ఏది నిలిచినా ఉల్లాసం దాటిపోదు గనుక పూరణకు ఢోకా లేదు. జోకస్ సంతానం పెద్దది. "జోక్" 17వ శతాబ్దంలో నేరుగా లాటిన్ నుంచి వచ్చింది. గారడీవాణ్ణి చెప్పే "జగ్లర్"దీ అదే వంశం. ప్రమాదమనే అర్థమున్న "జెపర్డీ" కూడా ఆ ఇంటిదే: ఫ్రెంచిలో ఇరువైపులా సమానంగా ఉన్న ఆటను చెప్పే మాట, గెలుపోటములు తేలని స్థితి నుంచి ప్రమాదం దాకా జరిగింది. జువెల్ అంటే మొదట్లో విలువైన అలంకార వస్తువు ఏదైనా. ఒక్క రాయినే అలా పిలవడం తర్వాత బలపడిన అర్థం.

అరవతెలుగు:

*నగయు నగవు తమిళనాడున నొకమాట
తెలుగు నాట రెండు తీరులయ్యె
పండ్లు మెఱయ ముత్యపంక్తియౌ నందుచే
నవ్వు పుట్టినిల్లు నగకు గాదె*

తమిళంలో "నగై" అంటే నవ్వు, నగ కూడా. పళ్ళు, ముత్యం, కాంతి అనే అర్థాలూ ఉన్నాయి. హాస్యాన్ని వాళ్ళు "నగైచ్చువై" అంటారు.

నిర్వాహకులు:
సొంత ఇంటి దారిలో వెళ్ళారు, చాలా సంతోషం. దోషం ఒక్కటే: "ముత్యపంక్తి". ముత్యము తద్భవం, పంక్తి తత్సమం. రెండూ అలా కలిపితే వైరిసమాసం, అంటే పొసగని కలయిక. "ముత్యాల పంక్తి" అంటే గణం పొర్లిపోతుంది. తమిళ అర్థాన్నే పాదంలోకి దింపితే సరి:

*పండ్లు ముత్తె మనెడు పలుకు గూడ నదియె*

ఉంగరంలో పొదిగే రాయిని ఉర్దూలో నగ్, నగీనా అంటారని ఎవరైనా గుర్తు చేయవచ్చు. ఆ నగీనా పారసీది. ఆ దారిలోనూ పూరణ రాయండి, కాని అక్కడ నవ్వు దొరకదు.

పల్నాటికలం:

*గనుల చెమట త్రాగి కొల్లూరి నీలంబు
రాజు మెడను జేరి రాతకెక్కె
దొంగచేతి కేగె దుఃఖమే, యందురే
నవ్వు పుట్టినిల్లు నగకు గాదె*

కొల్లూరు గనిదని చెప్పే రాయిని ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మాడు. 1792లో అది దొంగల పాలైంది. ఇంత జరిగాక కూడా నవ్వే పుట్టినిల్లంటారా అని ప్రశ్న.

నిర్వాహకులు:
సమస్యను ఎదుటివారి మాటగా చేసి ఎదురు ప్రశ్న వేయడం గట్టి ఎత్తు. "యందురే" లేకపోతే అన్వయం నిలవదు, అది సరిగ్గా పడింది. దోషాలు రెండూ మొదటి పాదంలోనే ఉన్నాయి. "గ–కొ" యతిలో హల్లు కుదిరింది, అచ్చు కుదరలేదు. అకారానికి ఒకారంతో మైత్రి లేదు. కొత్తగా రాసేవారు ఎక్కువగా జారేది ఇక్కడే, హల్లు చూసి ఆగిపోతారు. రెండోది వస్తుదోషం. నీలం వేరే రాయి, కెంపుకు తోబుట్టువు, మోస్ కొలతలో కాఠిన్యం 9. మీరు చెప్పినది నీలిరంగు వజ్రం, కాఠిన్యం 10. ఆ రంగు బోరాన్ వల్ల వచ్చింది. సవరణ:

*గోతి చెమట త్రాగి కొల్లూరి వజ్రమ్ము*

పల్నాటికలం:
ధన్యవాదాలండీ, సవరణ శిరోధార్యం. టావెర్నియే చేతిలో 112 క్యారెట్ల పైచిలుకున్న రాయి ఇప్పుడు హోప్ వజ్రంగా వాషింగ్టన్ మ్యూజియంలో 45.52 క్యారెట్లు. కొల్లూరు గని పులిచింతల నీళ్ళ కింద ఉంది.

గంటలచక్రం:

*కెంపురాళ్ళలోన గీలించు నిరుసుల
పదియునేడు రాళ్ళ వాచి నడువ
టిక్కు టిక్కు మనుచు డెబ్బది యేండ్లైన
నవ్వు పుట్టినిల్లు నగకు గాదె*

పాత కీ వాచీల ముఖం మీద "17 జువెల్స్" అని ఉండేది ఈ రాళ్ళ గురించే. లెక్క ఇదీ: బ్యాలెన్స్ చక్రం (అటూ ఇటూ ఊగే చక్రం) ఇరుసు రెండు కొనలకు చిల్లు రాళ్ళు 2, వాటి మీద మూత రాళ్ళు 2, రోలర్‌కు 1, ప్యాలెట్ ఫోర్కు (ఎస్కేప్ చక్రాన్ని పన్ను పన్నుగా వదిలే చీలిక కడ్డీ) కొమ్ములకు 2, దాని ఇరుసుకు 2, ఎస్కేప్ చక్రానికి 2, నాలుగో చక్రానికి 2, మూడో చక్రానికి 2, నడిమి చక్రానికి 2. నడిమి చక్రానివి వదిలేస్తే 15 రాళ్ళ వాచి. రాళ్ళకు చిల్లు పొడిచి వాచీల్లో వాడే పద్ధతికి లండన్‌లో 1704లో పేటెంటు ఇచ్చారు. 1902లో ఫ్రెంచి రసాయనవేత్త వెర్నాయ్ కృత్రిమ కెంపు తయారీని ప్రకటించాక ఆ రాయి చవకైంది. ఉక్కు కొన కెంపు మీద తిరిగితే రాపిడి తక్కువ, అరుగుదలా తక్కువ. నూనె ఎక్కువ వేస్తే చిల్లులో నిలవక పక్కకు పాకిపోతుంది, చివరికి ఇరుసు పొడిబారుతుంది. రాయి బీటవేస్తే ఆ అంచే ఇరుసు కొనను కోసేస్తుంది.

నిర్వాహకులు:
"టి–డె" యతి శుద్ధం. "కీలించు నిరుసుల" అన్నచోట నుగాగమమూ సరిగ్గా వేశారు. కాని మూడో పాదం నుంచి నాలుగో పాదానికి వంతెన లేదు. వాచి నడిచింది సరే, నవ్వు ఎక్కడి నుంచి వచ్చింది? మీరు చెప్పిన వివరంలోనే జవాబుంది. జోకస్‌కు ఆట అనే అర్థం ఉంది, ఈ రాయి చక్రాలను ఆడిస్తోంది.

గంటలచక్రం:
అర్థమైందండీ. మూడో పాదం మార్చాను:

*కెంపురాళ్ళలోన గీలించు నిరుసుల
పదియునేడు రాళ్ళ వాచి నడువ
ఆట పేరి రాయి యరుగక యాడించు
నవ్వు పుట్టినిల్లు నగకు గాదె*

నిర్వాహకులు:
ఇప్పుడు అతికింది. "ఆ–(య)అ" స్వరయతి. అరుగక + ఆడించు దగ్గర "నాడించు" అనకుండా "యాడించు" అన్నారు, అదే సాధువు.