600 పాత పుస్తకాలు, 140 పత్రికల బౌండ్లు: స్కానింగ్ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

గ్రంథాలయ_కమిటీ:
మా ఊరి గ్రంథాలయంలో 1970కి ముందువి 600 దాకా పుస్తకాలున్నాయి. ఎక్కువగా డెమ్మీ 1/8 సైజు (పేజీ సుమారు 5.5×8.5 అంగుళాలు), సగటున 250 పేజీలు. ఇవి కాక 1920ల నుంచి 60ల దాకా వచ్చిన పత్రికల బౌండ్లు 140, ఒక్కోటి సుమారు 600 పేజీలు, సైజు దాదాపు 8.5×11 అంగుళాలు. కొన్నిటి అంచులు పట్టుకుంటే పొడి రాలుతోంది. పనికి ఇద్దరు మనుషులున్నారు, కెమెరా గానీ స్కానర్ గానీ కొనడానికి కమిటీ ఒప్పుకుంది. కుట్లు విప్పి షీట్ ఫీడర్లో వేస్తే నెలలో తేలిపోతుందని బైండర్ అంటున్నాడు. అలా చేయొచ్చా? 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చాలా? తెలుగు ఓసీఆర్ (పేజీ బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చడం) పనికొస్తుందా? కాపీరైటు సంగతేమిటి? సొంత సైటు పెట్టాలా?

కార్డు_క్యాటలాగు:
యంత్రం సంగతి తర్వాత, ముందు జాబితా రాయండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. ఆ సైటు 2017లో ఆగిపోయినా ప్రతులు ఆర్కైవ్.ఆర్గ్‌లో దొరుకుతాయి. చిక్కల్లా వెతకడంలోనే. చాలా పేర్లు వింత రోమన్ లిపిలో, అచ్చులు రెట్టించి, మధ్యలో హైఫన్లూ కొటేషన్ గుర్తులూ పెట్టి ఎక్కించారు. తెలుగులో కొడితే రావు. పేరులో ఒక ముక్క తీసుకుని స్పెల్లింగు మార్చి మార్చి చూడండి, రచయిత ఇంటిపేరుతో అయితే కొంత నయం. దొరికింది కదా అని వదిలేయకుండా పుటలు లెక్కపెట్టండి. ఆ స్కాన్లలో పేజీలు ఎగిరిపోవడం, కుట్టు వైపు అక్షరాలు తెగిపోవడం మామూలే. అలాంటివి మీ జాబితాలో పైన ఉండాలి, బాగా ఉన్నవి అడుగుకి నెట్టేయండి. పాత పత్రికలు కొన్నిటిని ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది, అక్కడ సంచికల వారీగా సరిచూసుకోవాలి.

పుస్తకానికో వరస పెట్టి యాక్సెషన్ నంబరు (గ్రంథాలయం రిజిస్టరులో ఆ ప్రతికి వేసిన సంఖ్య), ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టుగా పేరు, రచయిత, ఆయన చనిపోయిన సంవత్సరం, ముద్రణాలయం, కూర్పు, వెల, పుటలు రాయండి. చనిపోయిన సంవత్సరం ఎందుకో కాపీరైటు దగ్గర తెలుస్తుంది.

తేదీ దగ్గరే అందరూ బోల్తా పడతారు. ముఖపత్రం మీద ఒక్కోసారి ‘రక్తాక్షి’ అని తప్ప ఇంకేమీ ఉండదు. అది 1924 ఉగాది నుంచి 1925 ఉగాది దాకా. రక్తాక్షి మాఘమాస సంచిక అంటే 1925 అన్నమాట. కళ్ళు మూసుకుని 1924 వేస్తే మాఘం సంచిక వెళ్ళి చైత్రం ముందు కూర్చుంటుంది. పైగా అరవయ్యేళ్ళకోసారి అదే పేరు. ‘క్రోధి’ 1904 కావచ్చు, 1964 కావచ్చు. వెల చూడండి: నయాపైసలు 1957లో వచ్చాయి కాబట్టి పైసల్లో ఉంటే 1964. మీరు లెక్కకట్టిన సంవత్సరం ఒక గడిలో, అచ్చులో ఉన్న మాట ఇంకో గడిలో ఉంచండి. రెండూ కలిపేస్తే తర్వాత ఎవరూ సరిదిద్దలేరు.

పుటసంఖ్య:
కుట్లు విప్పొద్దు. పొడి రాలే కాగితం ఫీడర్ రోలర్లలో పడితే ముక్కలే మిగులుతాయి. ఫ్లాట్‌బెడ్ కూడా వద్దు. బౌండును బోర్లించి పైనుంచి నొక్కాలి, వీపు విరుగుతుంది. కెమెరా స్టాండే దారి.

24 మెగాపిక్సెల్ కెమెరా 6000×4000 చుక్కల బొమ్మ ఇస్తుంది. విప్పి పెట్టిన డెమ్మీ పుస్తకం 11×8.5 అంగుళాలు. 4000ని 8.5తో భాగిస్తే 470 డీపీఐ. పత్రిక విప్పితే 17×11, అప్పుడు 350కి మించదు, చుట్టూ అంచు వదిలాక ఇంకా తగ్గుతుంది. ఇంగ్లీషుకి 300 చాలు గానీ పత్రికల్లో రెండు కాలమ్‌ల చిన్న టైపు కింద ఒత్తులు ముద్ద అయిపోతాయి. 400 కిందికి పోవద్దు. అంటే పుస్తకాలు రెండేసి పేజీలుగా, పత్రికలు ఒక్కో పేజీగా తీయాలి.

ఇప్పుడు లెక్క చూడండి. పుస్తకాలకి 75,000 షాట్లు, పత్రికలకి 84,000. ఒకరు పేజీ తిప్పుతూ ఒకరు తెర చూస్తూ గంటకి 300 తీశారనుకున్నా 530 గంటలు. రోజుకి నాలుగు గంటలు నిజంగా నడిస్తే 133 రోజులు. ‘నెలలో’ అన్న మాట మర్చిపోండి.

పెళుసు పుస్తకాలను పూర్తిగా విప్పకుండా 100, 110 డిగ్రీల దగ్గర ఆపే ప్లైవుడ్ ఊయల చేయించుకోండి. కెమెరా ఒక్కటే ఉంటే ముందు కుడి పేజీలన్నీ, తర్వాత పుస్తకం తిప్పి ఎడమ పేజీలన్నీ తీసి, కంప్యూటర్లో ఒకదాని తర్వాత ఒకటి పేర్చాలి. ఇందులో ఒక్క షాటు తప్పినా అక్కణ్ణుంచి పుస్తకమంతా జారుతుంది. అందుకే ఖాళీ పేజీలు కూడా తీయాలి, ఏ పుస్తకానికాపుస్తకం కుడి ఎడమల సంఖ్య సమానమైతేనే బీరువాలో పెట్టాలి. పేజీ చిరిగిపోయి లేకపోతే ‘ఈ పుట ప్రతిలో లేదు’ అన్న చీటీ పెట్టి దాన్నీ తీయండి. పాత అచ్చుల్లో పుటసంఖ్యలే తప్పుగా పడుతుంటాయి, చీటీ లేకపోతే పేజీ పోయిందో అంకె తప్పో ఎవరికీ తెలియదు.

లైట్లు అటొకటి ఇటొకటి, పేజీకి 45 డిగ్రీల్లో. పైలైటు ఆర్పాలి, కిటికీ మూయాలి, ఫ్యాను కూడా కట్టేయాలి; పేజీ లేస్తుంది, పొడి ఎగురుతుంది. ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్సు ఆటోలో వద్దు. పైన గాజు పెడితే అందులో మీ తెల్లచొక్కా కనబడుతుంది. ముదురు రంగు చొక్కా వేసుకుని, స్టాండుకి నల్లగుడ్డ కట్టండి. పత్రికల్లో ప్రకటనల పేజీలు వదలొద్దు. ధరలు, మందులు, సినిమాలు, అచ్చుకూటాల చిరునామాలు పరిశోధకులు వెతికేది వాటిల్లోనే.

నిల్వ సంగతి: 400 డీపీఐ రంగుల టిఫ్ (కుదించని బొమ్మ ఫైలు) డెమ్మీ పేజీకి 22 ఎంబీ, పత్రిక పేజీకి 45. మొత్తం 7.1 టెరాబైట్లు. దానికి రెండు కాపీలు.

వలపల_గిలక:
పై నిల్వ సలహాకి చిన్న సవరణ. మాస్టర్లన్నీ (దాచుకునే అసలు స్కాన్లు) టిఫ్‌గానే ఉండాలని పట్టు పట్టొద్దు. లాస్‌లెస్ జేపెగ్ 2000 వాడితే నాణ్యత పోకుండా చోటు బాగా తగ్గుతుంది. చిన్న గ్రంథాలయం డిస్కులు కొనలేక మాస్టర్లు చెరిపేయడం కంటే ఇది మేలు.

స్కాన్‌టైలర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేజీలు విడగొట్టడం, వంపు సరిచేయడం, అంచులు కోయడం చేస్తారు కదా, ఆ తర్వాత పీడీఎఫ్ దగ్గర ఒక ఉచ్చు ఉంది. నలుపు తెలుపు పీడీఎఫ్‌లో జేబిగ్2 అనే కుదింపు లాసీ (కొంత వివరం వదిలేసే) పద్ధతిలో ఉంటే, ఒకేలా కనబడే అక్షరాలన్నిటికీ ఒకే బొమ్మ అతికిస్తుంది. తెలుగులో ‘ప’కీ ‘వ’కీ తేడా పైన తలకట్టు కలిసిందా లేదా అన్నదే. ఇంకు పలచగా పడ్డ ‘వ’ స్థానంలో ‘ప’ బొమ్మ కూర్చుంటుంది, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. లాస్‌లెస్ అని స్పష్టంగా ఎంచుకోండి, లేదా గ్రే స్కేల్‌లోనే ఉంచండి.

ఓసీఆర్ పనికొస్తుంది, కానీ వెతకడానికి, చదవడానికి కాదు. 1950ల తర్వాతి శుభ్రమైన అచ్చు టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో గానీ గూగుల్ ఓసీఆర్‌తో గానీ బాగానే వస్తుంది. 1920ల అచ్చులో తంటాలు మొదలు. ‘ధర్మము’ని ‘ధమ౯ము’ అని వలపల గిలకతో వేసేవారు, ఓసీఆర్ దాన్ని తొమ్మిది అంకె అనుకుంటుంది. అరసున్నను కొన్నిచోట్ల నిండుసున్న చేస్తుంది, కొన్నిచోట్ల మింగేస్తుంది. పాత నకారపొల్లుకి (‘న్’కి వాడిన పాత గుర్తు) యూనికోడ్‌లో సొంత సంకేతం 2021లోనే వచ్చింది, చాలా ఫాంట్లలో ఇంకా లేదు.

అందుకని పాఠం రెండు వరుసలుగా ఉంచాలి: ఒకటి అచ్చులో ఉన్నట్టు, రెండోది వెతకడానికి మాత్రమే, అరసున్నలు తీసేసి, బండి ‘ఱ’ని ‘ర’ చేసి. ‘వాఁడు’ అని అచ్చయితే చదువరి ‘వాడు’ అనే కదా కొడతాడు.

గ్రంథాలయ_కమిటీ:
రాసి పెట్టుకున్నాం. కాపీరైటు, సైటు గురించి ఎవరైనా చెప్పండి. 1925 నాటి పుస్తకానికి కూడా చూడాలా?

హక్కుల_పేజీ:
చూడాలి. మన చట్టంలో లెక్క పుస్తకం వయసు కాదు, రచయిత చనిపోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్ళు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1946లో పోయారు, ఆయన బతికుండగా అచ్చయినవాటికి హక్కు ఎప్పుడో తీరిపోయింది. చలం గారు 1979లో పోయారు, ఆయన 1920ల్లో అచ్చేసిన పుస్తకానికి కూడా 2039 చివరిదాకా హక్కు ఉంటుంది. ఇద్దరు కలిసి రాస్తే ఆఖరున పోయినవారి నుంచి లెక్క. అనువాదంలో మూల రచయితది, అనువాదకుడిది వేర్వేరు. రచయిత పోయాక తొలిసారి అచ్చయినవి, పేరు లేకుండా వచ్చినవి అచ్చయిన ఏడాది నుంచి 60. పత్రికలైతే ఒక్కో వ్యాసానికి ఒక్కో రచయిత, అదే పెద్ద తలనొప్పి. సందేహం ఉన్న సంచికలు స్కాన్ చేసి దాచుకోండి, ఆన్‌లైన్లో పెట్టొద్దు. 2012 సవరణ ప్రకారం లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర ప్రతి ఉన్న రచనను భద్రపరచడానికి డిజిటల్‌గా నిల్వ చేసుకోవచ్చు. నిల్వకే ఆ వెసులుబాటు, ప్రచురణకి కాదు.

వికీమీడియా కామన్స్‌కి (వికీపీడియా వాళ్ళ ఫైళ్ళ భండారం) ఎక్కించాలంటే అమెరికా కాపీరైటు లెక్క కూడా కుదరాలి. 1941కి ముందు పోయిన రచయిత బతికుండగా అచ్చయినవైతే రెండు చోట్లా ఇబ్బంది లేదు.

కార్డు_క్యాటలాగు:
సొంత సైటు వద్దంటాను. డొమైను రెన్యూ చేసేవాడు ఊరు మారితే చాలు, సైటు పోతుంది. ఫైళ్ళు ఆర్కైవ్.ఆర్గ్‌లో పెట్టి, మీకు కావాలంటే లింకుల జాబితా ఒక్క పేజీ పెట్టుకోండి. అక్కడ ఐటెమ్ ఐడెంటిఫయర్ (లింకులో కనబడే పేరు) ఒకసారి పడితే మీరు మార్చుకోలేరు. పుస్తకం పేరు ఇరికించకుండా గ్రంథాలయం పొట్టిపేరు, యాక్సెషన్ నంబరు చాలు. భాష గడిలో తెలుగు అని ఎంచుకోకుండా ఎక్కిస్తే ఓసీఆర్ చెత్త వస్తుంది. 600 పుస్తకాలు ఒక్కొక్కటీ బ్రౌజర్లో ఎక్కించక్కర్లేదు, వాళ్ళ కమాండ్‌లైన్ పనిముట్టు మీ జాబితాని సీఎస్‌వీగా (కామాలతో విడగొట్టిన పట్టిక ఫైలు) తీసుకుంటుంది. జాబితా ముందు అన్నది ఇందుకే.

గ్రంథాలయ_కమిటీ:
ముందు 20 పుస్తకాలు, ఒక బౌండుతో మొదలుపెడతాం. ఒక్క సందేహం: చిరుగులకి ఎవరో ఎప్పుడో సెల్లోటేపు అంటించారు, పసుపు పచ్చగా అయిపోయింది. పీకేయాలా?

పుటసంఖ్య:
ముట్టుకోవద్దు. అంటుకుని ఉన్న టేపు పీకితే అక్షరాలు దాంతోపాటే లేచి వస్తాయి. జిగురు ఎండి దానంతటదే ఊడినదైతే తీసేసి, చిరుగు అంచులు కలిపి తీయండి. టేపు మెరుస్తుంటే ఎడమ లైటు ఆర్పి ఒకటి, కుడిది ఆర్పి ఒకటి తీసి, రెండు షాట్లూ మాస్టర్లలో ఉంచండి.