ఎసిట్రామ్ వాడే అత్తయ్యకు గోంగూర పెట్టొచ్చా?

బ్రాడీపేట కోడలు:
మా అత్తయ్యగారికి గుండెలో మైట్రల్ వాల్వ్ తీసి మెటల్ వాల్వ్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ రాత్రి ఎసిట్రామ్ మాత్ర వేసుకుంటారు. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే రక్తపరీక్ష) 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని డాక్టర్ గారు చెప్పారు. ఇవాళ 1.8 వచ్చింది. ఆకుకూర ముట్టుకోవద్దని పక్కింటి పిన్నిగారు, గోంగూర లేకపోతే ముద్ద దిగదని ఈవిడ! పైగా మోకాళ్ల నొప్పులు. ఒక్క ఇంజక్షన్ చేస్తే తగ్గిపోతుందని వీధి చివర ఆర్ఎంపీ అంటున్నాడు. చేయించమంటారా?

ఆటోనగర్ మెకానిక్:
వద్దమ్మా. నాదీ మెటల్ వాల్వే. ఆ ఇంజక్షన్ చాలావరకు డైక్లోఫెనాకే అయ్యుంటుంది. ఎసిట్రామ్ మీద అది పడితే కడుపులో రక్తస్రావం కావచ్చు, సూది గుచ్చిన కండలోనూ రక్తం గూడుకట్టొచ్చు. నొప్పికి పారాసెటమాల్ ఎంత వాడాలో కూడా డాక్టర్నే అడగండి, రోజూ ఎక్కువ వేసుకుంటే అదీ ఐఎన్ఆర్‌ని పెంచుతుంది.

ముందు ఆ 1.8 సంగతి చూడండి. అంత తగ్గితే వాల్వ్ మీద గడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఇవాళే డాక్టర్ గారికి ఫోన్ చేయండి, డోసు మాత్రం మీరే పెంచకండి.

గోంగూర మానక్కర్లేదు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది, నిజమే. కానీ తినే తిండిని బట్టే డోసు సెట్ చేస్తారు. వారమంతా మానేసి ఆదివారం పాలకూర, తోటకూర కుమ్మేస్తేనే తేడా కొడుతుంది. ఈ మధ్య కొత్తగా ఏమైనా మొదలుపెట్టారేమో, మాత్ర మర్చిపోయారేమో కనుక్కోండి.

సూర్యారావుపేట మందుల షాపు:
పరీక్షల గొడవ లేని కొత్త మాత్రలున్నాయని ఎవరైనా చెప్తే వినకండి. అపిక్సాబాన్, డాబిగాట్రాన్ లాంటివి మెటల్ వాల్వ్‌కు పనికిరావు. యాంటీబయాటిక్ రాసినా, పన్ను పీకించాల్సి వచ్చినా ఎసిట్రామ్ సంగతి ముందే చెప్పండి. విరేచనం నల్లగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, పైకి గాయం కనపడకపోయినా సరే, వెంటనే ఆసుపత్రికే.

బ్రాడీపేట కోడలు:
గోంగూర కాదండీ! మోకాళ్లకు మంచిదని ఎవరో చెప్తే నెలరోజులుగా మునగాకు పొడి అన్నంలో కలుపుకుంటున్నారట. డబ్బా దాచేశాను.

ఆటోనగర్ మెకానిక్:
దాచేస్తే సరిపోదమ్మా, పొడి సంగతి డాక్టర్ గారికి చెప్పండి. ఆయనకు తెలియక డోసు పెంచి, ఇక్కడ పొడి ఆగిపోయిందనుకోండి, ఐఎన్ఆర్ మరీ పైకి పోతుంది. మళ్లీ పరీక్ష ఎప్పుడో కూడా ఆ ఫోన్లోనే అడగండి.