చికానో పార్క్‌కి అమ్మని తీసుకెళ్లొచ్చా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

కొత్తకాపురం_శాండియాగో
అమ్మ గుంటూరు నుంచి వచ్చి మూడు వారాలైంది. బీచ్ అయింది, జూ అయింది, బాల్బోవా పార్క్ రెండుసార్లు అయింది. ఇంక ఇంట్లో కూర్చుని సీరియల్సే. ఆఫీసులో ఒకాయన చికానోలు, అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్లు ఉండే బారియో లోగన్ పేటలో చికానో పార్క్ చూపించు, కొరొనాడో వంతెన కింద స్తంభాల నిండా బొమ్మలే అన్నాడు. నాకు కావాల్సింది: పార్కింగ్ దొరుకుతుందా, శనివారం మేలా మామూలు రోజు మేలా, అమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి కూర్చునే చోటుందా, బాత్రూమ్ ఉందా, చుట్టుపక్కల వెజ్ దొరుకుతుందా. అంతే.

పద్మజ_చూలవిస్టా
వెళ్లండి కానీ కెమెరా ఇంట్లో పెట్టి వెళ్లండి. పోయినేడు మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి ముందు ఫొటోలు అక్కడ తీద్దాం, రంగులు బాగుంటాయని ఫొటోగ్రాఫరే అన్నాడు. రెండు లైట్లు, ఒక గొడుగు, ఒక స్టూలు పట్టుకుని వెళ్లాం. పిల్ల ఒక స్తంభానికి ఆనుకుని నిలబడిందో లేదో, టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి “ఇది మీకు పరదాలా కనిపిస్తోందా” అని అడిగాడు. అరవలేదు, నెమ్మదిగానే అడిగాడు, అదే ఇంకా మండింది. పిల్ల ఏడుపు మొహం పెట్టింది, మేకప్ అంతా పోయింది. పబ్లిక్ పార్కే కదా అండీ, ఆయన ఎవరు అడగడానికి?

బొమ్మలపిచ్చి
పద్మజ గారూ, ఓణీకి పిన్నీసులు ఎన్ని పెట్టారు? వడ్డాణం ఉందా? ఆ సామానంతటితో ఆ రంగు మీద రుద్దుకుంటే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. అవి కార్పొరేషన్ వాళ్లు టెండర్ పిలిచి వేయించిన బొమ్మలు కావు. 1970 ఏప్రిల్ 22న అక్కడ బుల్డోజర్లు దిగాయి. పార్కు వస్తుందని ఎదురుచూస్తున్న చోట హైవే పోలీసుల స్టేషన్ కడుతున్నారని మారియో సోలిస్ అనే కాలేజీ కుర్రాడికి తెలిసింది, ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఆడవాళ్లు, బడి పిల్లలు, ముసలాళ్లు అందరూ వచ్చి బుల్డోజర్ల చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. 12 రోజులు కదల్లేదు. ఉత్తినే కూర్చోలేదు కూడా, పారలు తెచ్చి నేల తవ్వి పూల మొక్కలు, నాగజెముడు నాటారు. బొమ్మలు మొదలైంది 1973లో. సాల్వడార్ టోరెస్ అనే చిత్రకారుడిది ఆ ఆలోచన. ఆ పెద్దాయన ఆ రోజుల్లో కుంచె పట్టినవాడేమో మీకేం తెలుసు?

జైహింద్_శాండీ
చరిత్ర బాగుంది కానీ అసలు విషయం ఎవరూ చెప్పడం లేదు. నేను పిల్లల్ని తీసుకెళ్లా. ఒక స్తంభం మీద పెద్ద అక్షరాలతో “యాంకీస్ నో” అని రాసి, కింద జనం ప్లకార్డులు పట్టుకుని ఉన్నారు. అమెరికాలో ఉంటూ, ఇక్కడి తిండి తింటూ, అమెరికావాళ్లు వద్దంటారా? మావాడు చదివి “డాడీ అంటే మనమా” అన్నాడు. ఏం చెప్పాలి?

బొమ్మలపిచ్చి
ఓరి దేవుడా. అన్నా, అది యాంకీస్ కాదు, యోంకేస్. “వారియో సీ, యోంకేస్ నో.” యోంకే అంటే తుక్కు యార్డు. పాడైపోయిన కార్లు పేర్చి ఉంటాయే, అవి. ఇంగ్లిష్ జంక్‌ని వాళ్లు అలా తిప్పి పలుకుతారు, మనం హాస్పిటల్‌ని ఆస్పత్రి చేసుకోలేదూ? మా పేట మాకు కావాలి, తుక్కు యార్డులు వద్దు అని అర్థం. ఆ పేటలో ఇళ్ల పక్కనే ఫ్యాక్టరీలు, తుక్కు దుకాణాలు పెట్టుకోవచ్చని జోనింగ్, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చనే రూల్ మార్చేశారు. ఇంటి కిటికీ తీస్తే గ్రీజు కంపు. దాని మీద పోరాటం అది.

జైహింద్_శాండీ
స్పెల్లింగ్ సంగతి వదిలెయ్. చదివేవాడికి యాంకీస్ లానే కనిపిస్తుంది. అయినా ప్రభుత్వ స్థలంలో 12 రోజులు కూర్చుని మాదే అంటే మన దగ్గర దాన్ని కబ్జా అంటారు.

వాల్తేరు_చిన్నోడు
కబ్జానా? ఎవరు ఎవరిది కబ్జా చేశారు బ్రో? 1963లో ఐ-5 హైవే ఆ పేటని నిలువునా చీల్చేసింది. ఆరేళ్లు తిరక్కుండా 1969లో వంతెన వచ్చింది, దాని ర్యాంపుల కోసం ఇంకొన్ని ఇళ్లు పోయాయి. ఇల్లు పోయినవాడికి కనీసం వంతెన కింద నీడైనా ఇవ్వాలా వద్దా? ఆ నీడలో కూడా పోలీస్ స్టేషన్ కడతాం, బళ్లు పార్క్ చేసుకుంటాం అన్నారు. మా తాత ఊరు ఫ్యాక్టరీ కింద పోయింది. చనిపోయేదాకా ఆయన దగ్గర ఒక ట్రంకు పెట్టె ఉండేది, దాన్నిండా అర్జీల నకళ్లు. ఒక్కదానికీ జవాబు లేదు. మావాళ్లు 12 రోజులు కూర్చోలేకపోయారనే నా బాధ. నువ్వు కబ్జా అంటే నాకు ఒళ్లు మండుతుంది, అంతే.

జైహింద్_శాండీ
ప్రతిదానికీ మీ తాత కథ తేకు. నేను రూల్ గురించి మాట్లాడుతున్నా.

వాల్తేరు_చిన్నోడు
రూల్ ప్రకారమే చివరికి రాష్ట్రం ఆ స్థలాన్ని పార్కుకి ఇచ్చింది. 2016 డిసెంబరులో జాతీయ చారిత్రక స్థలంగా కూడా గుర్తించారు. కబ్జాలకి అలాంటి గుర్తింపు ఇస్తారేమో నువ్వే కనుక్కుని చెప్పు.

కాంక్రీటు_రావు
ఇరవై రెండేళ్లు వంతెనల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, మీరంతా బొమ్మల గురించే మాట్లాడుతున్నారు, స్తంభం గురించి ఎవరూ మాట్లాడరు. కాలిఫోర్నియాలో భూకంపాలకి పాత స్తంభాలు ఆగాలంటే చుట్టూ ఉక్కు తొడుగు వేయడం మామూలు పద్ధతి. తొడుగు వేస్తే బొమ్మ లోపలికి పోతుంది, ఇంక కనపడదు. 1990ల్లో ఆ వంతెనని గట్టిపరచాలన్నప్పుడు పేటవాళ్లు ఒప్పుకోలేదు, బొమ్మల్ని కాపాడుతూనే పని చేయాల్సి వచ్చింది. అదీ ఇంజినీరింగ్ అంటే. ఇంకో సంగతి, కాంక్రీటు లోపలి నుంచి చెమ్మ వస్తుంది, ఉప్పు బయటికి తంతుంది, రంగు పెచ్చులుగా లేస్తుంది. అందుకే ఆ తర్వాత స్తంభం తర్వాత స్తంభం తీసుకుని మళ్లీ వేశారు. వేలితో గీకి చూడండి, తెలుస్తుంది.

బొమ్మలపిచ్చి
రావుగారూ దయచేసి ఎవరికీ వేలితో గీకమని సలహా ఇవ్వకండి!!

కాంక్రీటు_రావు
మాటవరసకి అన్నా. ఇంజినీర్లు గీకరు, సుత్తితో తట్టి వింటారు.

పద్మజ_చూలవిస్టా
సుత్తితో తట్టొచ్చు, మా పిల్ల ఆనుకోకూడదు. బాగుంది.

మిర్చిబజ్జీ
వెజ్ గురించి అడిగారు కదా, అది మాత్రం నన్ను అడగండి. లోగన్ అవెన్యూలో టాకోలు అద్భుతం కానీ మీ అమ్మగారు పక్కా వెజ్ అయితే బీన్స్ దగ్గర జాగ్రత్త. మెత్తగా రుబ్బి వేయించే బీన్స్‌లో చాలాచోట్ల పంది కొవ్వు వేస్తారు. మా మామగారు రెండు గిన్నెలు లాగించి, అచ్చం మన ముద్దపప్పులా ఉందిరా అన్నాక నాకు తెలిసింది. ఆయనకి ఈరోజుకీ చెప్పలేదు. ఆయన ఈ గ్రూపులో లేరనుకుంటున్నా.

సెల్వి_మిరామెసా
అందరూ వెళ్లమంటున్నారు, నాకైతే ఆ వంతెన కింద నిలబడాలంటేనే భయం. 2016 అక్టోబరులో పైనుంచి ట్రక్కు ఊడి కింద పార్కులో పండగ చేసుకుంటున్నవాళ్ల మీద పడింది. నలుగురు పోయారు. పైన బండి పోయినప్పుడల్లా ధన్ ధన్ మంటుంటే గుండె ఆగిపోతుంది.

కాంక్రీటు_రావు
ఆ ధన్ మనే శబ్దం ఎక్స్‌పాన్షన్ జాయింట్లది, ప్రమాదం కాదు. అవి ఎలా పనిచేస్తాయంటే

మిర్చిబజ్జీ
రావుగారూ, నలుగురు చనిపోయారని చెబుతోంది ఆవిడ, ఇప్పుడు జాయింట్లా?

జైహింద్_శాండీ
సరే, యోంకేస్ అంటే తుక్కు యార్డు అని మా ఆఫీసులో మెక్సికన్ ఫ్రెండ్‌ని అడిగా. నిజమే అన్నాడు. పావుగంట నవ్వాడు కూడా. కబ్జా మాట మాత్రం వెనక్కి తీసుకోను.

వాల్తేరు_చిన్నోడు
సగం దూరం వచ్చావు, చాల్లే. ఏప్రిల్ 22కి దగ్గర్లో వచ్చే శనివారం చికానో పార్క్ డే చేస్తారు. తలమీద నెమలి పురిలా ఈకలు పెట్టుకుని మెక్సికోలోని పాత అజ్‌టెక్ జాతి నాట్యం, నేలకి రాసుకునేంత కిందకి దించిన పాత షెవర్లే కార్లు. మీ పిల్లాణ్ణి తీసుకురా, టాకోలు నావి.

కొత్తకాపురం_శాండియాగో
ఆదివారం వెళ్లొచ్చాం. పార్కింగ్ గురించి ఒక్కరూ చెప్పలేదు కాబట్టి ట్రాలీలో, అదే ఇక్కడి సిటీ రైల్లో పోయాం, బ్లూ లైన్‌లో బారియో లోగన్ స్టేషన్ దిగితే పది నిమిషాల నడక కూడా లేదు. అమ్మ కాసేపు మధ్యలో ఉన్న ఆ గుడి గోపురం లాంటి మండపం మెట్ల మీద కూర్చుంది. పాములు, మెక్సికో విప్లవ నాయకుడు జపాటా, చే గువేరా వీళ్లెవరూ ఆవిడకి పట్టలేదు. నక్షత్రాల పమిట కప్పుకుని, చుట్టూ కిరణాలతో, నెలవంక మీద నిలబడ్డ ఒకావిడ బొమ్మ దగ్గర మాత్రం ఆగిపోయి చెప్పులు విప్పేసింది. అది గ్వాడలూపే మాత అమ్మా, మేరీమాత అన్నా. ఎవరైతేనేం, అమ్మవారేగా అని దణ్ణం పెట్టుకుంది. పక్కనే బల్ల మీద కూర్చున్న ఒక టోపీ పెద్దాయన లేచి నిలబడి టోపీ తీశాడు. పద్మజ గారూ, మీ టోపీ ఆయనేనా? మీసాలు తెల్లగా, కొంచెం కుంటుతూ నడుస్తాడు.

పద్మజ_చూలవిస్టా
ఆయనే. లైట్లు ఏమైనా కనిపించాయా అక్కడ? ఒక స్టాండు ఆ రోజు మర్చిపోయి వచ్చేశాం.